పిల్లలతో మంచుకొండలకు: హక్కులు, నిబంధనలు, తరచూ అడిగే ప్రశ్నలు

పిల్లలకు ఒక్కసారైనా మంచు చూపించాలని క్రిస్మస్ సెలవుల్లోనో, సంక్రాంతి సెలవుల్లోనో మనాలీకి, గుల్మార్గ్‌కు, గ్యాంగ్‌టక్‌కు బయల్దేరే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. టికెట్లు, హోటల్, కారు అన్నింటికీ ముందే డబ్బు కట్టేస్తాం. తీరా అక్కడికి వెళ్లాక పిల్లకు వాంతులైనా, దారి బాగోలేకపోయినా "ఇంత డబ్బు పోశాం కదా, చూసి పోదాం" అంటాం. మంచు ప్రయాణాల్లో పిల్లలకు అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. ఏ డబ్బు తిరిగొస్తుందో, ఏది రాదో, ఎవరిని ఏమడగాలో తెలిసిన తల్లిదండ్రులు అవసరమైన చోట ధైర్యంగా వెనక్కి తిరగగలుగుతారు. ఈ జవాబులు అందుకోసమే. ఛార్జీలు, పర్మిట్ల వివరాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో మరోసారి సరిచూసుకోండి.

మా పాపకు నాలుగేళ్లు, బాబుకు తొమ్మిది. రైల్లో టికెట్ ఎలా తీసుకోవాలి?

అయిదేళ్లు నిండని పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. అయిదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు కావాలంటే పెద్దల ఛార్జీ పూర్తిగా కట్టాలి. బెర్తు వద్దనుకుంటే సగం ఛార్జీ. 2016 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. కూర్చుని వెళ్లే ఛైర్ కార్ తరగతుల్లో ఈ సగం ఛార్జీ వెసులుబాటు లేదు. కాబట్టి కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్‌లో వెళ్లాలనుకుంటే బాబుకు పూర్తి టికెట్ లెక్కేసుకోండి.

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ దాకా ఒక రాత్రంతా ప్రయాణం. చలికాలంలో తొమ్మిదేళ్ల పిల్లాడిని అమ్మ పక్కన ఇరికించి పడుకోబెడితే ఇద్దరికీ నిద్ర ఉండదు. అసలు ప్రయాణం ఢిల్లీ దాటాకే మొదలవుతుంది. డబ్బు సర్దుబాటైతే బెర్తు తీసుకోవడమే మేలు.

పొగమంచు వల్ల రైలు గంటల తరబడి ఆలస్యమైతే?

డిసెంబర్, జనవరి నెలల్లో ఉత్తరాది రైళ్లకు ఇది మామూలే. మీరు ఎక్కాల్సిన స్టేషన్‌లో రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. ఖరారైన తత్కాల్ టికెట్‌కూ ఇది వర్తిస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే ఆ స్టేషన్ నుంచి రైలు నిజంగా కదలకముందే డబ్బు వాపసు కోరుతూ టీడీఆర్ దాఖలు చేయాలి. రైలు వెళ్లిపోయాక చేస్తే ఈ హక్కు చేజారుతుంది. ఢిల్లీలో రైలు దిగిన రోజే మనాలీ బస్సుకు టికెట్ తీసుకోవద్దని చెప్పేది కూడా ఇందుకే. మధ్యలో ఒక రాత్రి ఉంచుకుంటే పిల్లలకూ విశ్రాంతి దొరుకుతుంది.

విమానంలో పిల్లలను మా పక్కనే కూర్చోబెట్టమని అడగొచ్చా?

అడగొచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమానయాన సంస్థలను ఆదేశించింది. అయితే అందరూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. తాతయ్య, నానమ్మల టికెట్లతో పిల్లల టికెట్ కలిపి, మీది విడిగా తీసుకుంటే ఈ సూత్రం మీకు అక్కరకు రాదు.

రెండేళ్లు నిండని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. వయసుకు రుజువు మాత్రం చూపించాలి. దేశంలోపలి ప్రయాణాల్లో గుర్తింపు కార్డు ఉన్న తల్లిదండ్రులతో వెళ్లే పిల్లలకు విడిగా ఫొటో గుర్తింపు తప్పనిసరి కాదు. అయినా జనన ధ్రువపత్రం నకలు, బాల ఆధార్ సంచిలో ఉంటే హోటళ్లలో, పర్మిట్ కౌంటర్లలో, వయసుమీద వాదన వచ్చిన ప్రతిచోటా పనికొస్తాయి.

మంచు కురిసి విమానం రద్దయితే పరిహారం వస్తుందా?

వాతావరణం వల్ల రద్దయితే పరిహారం రాదు. విమాన సంస్థ చేతుల్లో లేని కారణాలకు డీజీసీఏ నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి. అలాంటప్పుడు హోటల్, భోజనం కూడా హక్కుగా పట్టుబట్టి సాధించడం కష్టం. కానీ రద్దయిన టికెట్‌కు మరో విమానమో, డబ్బు వాపసో అడిగే హక్కు మీకు ఉంటుంది. "వేరే తేదీ తీసుకోండి, డబ్బు ఇవ్వం" అంటే ఒప్పుకోనక్కర్లేదు.

సంస్థ సొంత కారణాలతో, ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే లెక్క వేరు. విమాన ప్రయాణ సమయాన్ని బట్టి రూ.5,000, రూ.7,500, రూ.10,000 వరకు పరిహారం ఉంది. టికెట్ మూల ధర, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. అందుకే రద్దుకు కారణం ఏమిటో కౌంటర్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. శ్రీనగర్, లేహ్ విమానాలు చలికాలంలో తరచూ ఆగుతాయి. పసిబిడ్డ ఉంటే ఒక పూటకు సరిపడా పాలపొడి, డైపర్లు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

జనవరి ప్యాకేజీలో "రోహ్‌తాంగ్ సందర్శన" అని రాశారు. నమ్మవచ్చా?

నమ్మొద్దు. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ సాధారణంగా నవంబర్ నుంచి వేసవి మొదలయ్యేదాకా మంచుతో మూసుకుపోయి ఉంటుంది. తెరిచి ఉన్న నెలల్లోనూ రోజుకు పరిమిత సంఖ్యలోనే వాహనాలకు ఆన్‌లైన్ పర్మిట్ ఇస్తారు. మరమ్మతుల కోసం మంగళవారం ఆపుతారు. చలికాలంలో మనాలీ వెళ్లినవాళ్లు చూసే మంచు సోలాంగ్ లోయలోనో, 2020 అక్టోబర్‌లో ప్రారంభమైన అటల్ సొరంగం అవతల సిస్సు వైపో ఉంటుంది. సొరంగం దాటడానికి రోహ్‌తాంగ్ పర్మిట్ అవసరం లేదు. లోపల బండి ఆపి ఫొటోలు తీసుకోవడం మాత్రం నిషేధం.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. సిస్సు పరిసరాల్లో స్థానిక దేవతల పండుగల కోసం జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా పర్యాటక కార్యకలాపాలు ఆపాలని అక్కడి పంచాయతీలు ఇటీవలి ఏళ్లలో నిర్ణయించాయి. అది వాళ్ల ఊరు, వాళ్ల ఆచారం. మనం గౌరవించాలి. కాబట్టి తేదీలు ఖాయం చేసుకునే ముందే అడిగి తెలుసుకోండి.

ఏజెంటు అసాధ్యమైన ప్రదేశాన్ని జాబితాలో పెట్టి అమ్మితే అది తప్పుదోవ పట్టించడమే. "జనవరిలో రోహ్‌తాంగ్ మూసి ఉంటుంది కదా, బదులుగా ఎక్కడికి తీసుకెళ్తారు, ఎంత తగ్గిస్తారు" అని వాట్సాప్‌లో రాసి అడగండి. ఫోన్లో చెప్పిన హామీని తర్వాత నిరూపించుకోవడం కష్టం.

దారి మూసేశారు. హోటల్‌కు కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. బుకింగ్ సమయంలో మీరు ఒప్పుకున్న రద్దు షరతులే ప్రధానం. కాబట్టి వంద రూపాయలు ఎక్కువైనా "ముందురోజు దాకా ఉచిత రద్దు" ఉన్న గదినే తీసుకోండి. పోలీసులు రోడ్డు మూసినట్టు జిల్లా యంత్రాంగం ఇచ్చిన ప్రకటనను ఫోన్లో దాచుకోండి. హోటల్ అసలు తెరవకపోయినా, చెప్పిన గది ఇవ్వకపోయినా, చెప్పిన హీటర్ లేకపోయినా సేవాలోపం కింద నిలదీయవచ్చు.

గది వెచ్చదనం విషయంలో రాజీ పడొద్దు. "కరెంటు లేదు, బొగ్గుల కుంపటి పెడతాం" అంటే తలుపులు మూసిన గదిలో అది వద్దని ఖండితంగా చెప్పండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అదనపు రగ్గులు, వేడినీళ్ల సంచి అడగండి.

కారులో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే తప్పా?

తప్పే. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా వాహనం నడిపితే రూ.1,000 జరిమానా. ఘాట్ రోడ్డు మీద బండి జారి ఆగితే ఒళ్లోని బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు. వెనక సీట్లలో బెల్టులు పనిచేస్తున్నాయా అని బండి మాట్లాడుకునేటప్పుడే అడగండి. చాలా టాక్సీల్లో వాటిని సీటు కవర్ల కింద దోపేసి ఉంచుతారు. బయటికి లాగించి, బిగించి చూసి ఎక్కండి.

గట్టిగా మంచు పడిన రోజు మనాలీ దాటి పైకి ఫోర్ బై ఫోర్ వాహనాలనో, చక్రాలకు గొలుసులు వేసినవాటినో మాత్రమే పోలీసులు వదులుతారు. మీ డ్రైవరు "అడ్డదారి ఉంది సార్" అన్నా సరే, ఆ మాట వినొద్దు.

ఎన్నేళ్ల పిల్లలను ఎంత ఎత్తుకు తీసుకెళ్లొచ్చు?

మనాలీ, గుల్మార్గ్‌లకు వయసు పరిమితి పెట్టిన చట్టమేమీ లేదు. నిర్ణయం పూర్తిగా మీదే, అందుకే బాధ్యత ఎక్కువ. మనాలీ సుమారు 2,000 మీటర్ల ఎత్తు, గుల్మార్గ్ సుమారు 2,650. ఇంతవరకు ఆరోగ్యంగా ఉన్న పిల్లలు మామూలుగా తట్టుకుంటారు. చిక్కంతా ఒక్కరోజులో పైకి ఎగబాకడంలో ఉంది. గ్యాంగ్‌టక్ సుమారు 1,650 మీటర్లు, అక్కడి నుంచి వెళ్లే నాథూలా కనుమ దాదాపు 4,310. పొద్దున్నే కారెక్కిన పాప మధ్యాహ్నంలోపే రెండున్నర వేల మీటర్లకు పైగా ఎక్కేస్తుంది. గుల్మార్గ్ గోండోలా (కేబుల్ కారు) రెండో దశ కూడా నిమిషాల్లో అఫర్వత్ కొండ మీదికి చేరుస్తుంది.

పెద్ద పిల్లలు తలనొప్పి అని చెప్తారు. మూడేళ్ల బిడ్డ చెప్పలేదు. ఊరికే చిరాకు పడటం, ఇష్టమైనది పెట్టినా తినకపోవడం, వాంతి, ఆడకుండా వాలిపోవడం కనిపిస్తే ఎత్తు వల్లనే అనుకుని కిందికి దిగండి. ఆక్సిజన్ డబ్బా పట్టించి ఇంకా పైకి వెళ్లడం చికిత్స కాదు. నడక తడబడినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆగకుండా దిగి ఆసుపత్రికి వెళ్లాలి. జలుబు, చెవినొప్పి, ఆస్తమా, గుండె సమస్య ఉన్న పిల్లల విషయంలో బయల్దేరే ముందే పిల్లల డాక్టరును కలవండి. ఎత్తుకు వేసే మాత్రలు పక్కింటివాళ్లు చెప్పారని వేయకండి.

వేళ్లు, చెవులు తెల్లబడి స్పర్శ తెలియకపోతే మంచుతో రుద్దొద్దు, నిప్పు దగ్గర పెట్టొద్దు. మీ చంకలో పెట్టుకుని వెచ్చచేయండి, లేదా గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. కొత్తగా పడిన మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం వరకు వెనక్కి కొడుతుంది. పసివాళ్లకైనా చలువ కళ్లద్దాలు కావాలి.

చలి ఎలా ఉంటుందో పిల్లలకు ముందే కొంచెం రుచి చూపాలనుకుంటే డిసెంబర్‌లో లంబసింగిలో ఒక రాత్రి ఉండి రండి. ఏ స్వెట్టరు చాలింది, ఎవరికి ఊపిరి పట్టేసింది అనేది అక్కడే తేలిపోతుంది.

అద్దె కోట్లు, బూట్లు, మంచు ఆటల విషయంలో ఏం చూసుకోవాలి?

సోలాంగ్ దారిలో వరసగా నంబర్లు వేసిన దుకాణాల్లో మంచు బట్టలు, గమ్‌బూట్లు అద్దెకిస్తారు. ఏ దుకాణం ముందు ఆపాలో చాలాసార్లు డ్రైవరే నిర్ణయిస్తాడు. అక్కడే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. బూటులోకి చెయ్యిపెట్టి అడుగు దాకా తడిమి చూడండి. ముందురోజు ఎవరో తొడిగిన తడి ఇంకా ఆరకపోతే పది నిమిషాల్లో పిల్ల పాదం గడ్డకడుతుంది. ఉన్ని మేజోళ్లు తొడిగాక కూడా బొటనవేలు కదిలేంత చోటు ఉండాలి. కోటుకు ఉన్న చిరుగులు ముందే ఫొటో తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు డిపాజిట్ మీద వాదన రాదు. లోపల నూలు బనియన్ వద్దు, తడిస్తే ఆరదు.

స్కీయింగ్, స్నో స్కూటర్, ట్యూబు జారుడు, పారాగ్లైడింగ్ నడిపేవాళ్ల దగ్గర ప్రభుత్వ నమోదు పత్రం చూపించమని అడగడం మీ హక్కు. ధర, సమయం, హెల్మెట్, బీమా ఉన్నాయా అన్న నాలుగు ప్రశ్నలు డబ్బు ఇవ్వకముందే అడగాలి. "ప్రమాదం జరిగితే మా బాధ్యత లేదు" అన్న కాగితం మీద మీరు సంతకం చేసినా, వాళ్ల నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి మూసుకుపోదు. మీ ఆరోగ్య బీమాలో సాహస క్రీడలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. చాలా పాలసీలు వాటిని మినహాయిస్తాయి.

పాప భయపడి ఏడుస్తుంటే డబ్బు కట్టిన ఆటైనా సరే మానేయండి. మంచు మీద ముద్దలు చేసి విసురుకునే ఆట ఉచితం, పిల్లలకు చాలాసార్లు అదే నచ్చుతుంది.

కొండమీద నీళ్ల సీసాకు రెట్టింపు ధర అడుగుతున్నారు. న్యాయమేనా?

దుకాణంలో సీలు వేసిన సీసా, బిస్కెట్ ప్యాకెట్ గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మడం నేరం. మంచు పడే చోటైనా అంతే. కూర్చుని తినే హోటల్, రెస్టారెంట్‌లో మాత్రం సేవతో కలిపి ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. వండి ఇచ్చే వేడి మ్యాగీకి, టీకి గరిష్ఠ ధర నియమం వర్తించదు. గుర్రం మీదనో, వీపు మీదనో సరుకు మోసుకొచ్చే మనిషి కష్టానికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వడంలో తప్పులేదు, ధర ముందే అడిగితే చాలు. రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ ఛార్జీని తమంతట తాము కలపకూడదు. తీసేయమని అడగండి.

కశ్మీర్, సిక్కిం, తవాంగ్‌లకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయా?

ఉన్నాయి. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి. గోండోలా టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. గేటు దగ్గర "నేనిప్పిస్తాను" అనే దళారులకు డబ్బు ఇవ్వొద్దు.

సిక్కింలో చాంగు సరస్సు, నాథూలాలకు స్థానిక ఏజెంటు ద్వారా పర్మిట్ తీసుకోవాలి. నాథూలా సోమ, మంగళవారాల్లో మూసి ఉంటుంది. అరుణాచల్‌లోని తవాంగ్‌కు వెళ్లే భారతీయులందరికీ ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. చంటిపిల్లకైనా అంతే.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో పుట్టి ఓసీఐ కార్డు ఉన్న మన పిల్లలను సెలవులకు తీసుకెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. రక్షిత ప్రాంతాల విషయంలో ఓసీఐ ఉన్నవారూ విదేశీయుల కిందే లెక్క. విడిగా పర్మిట్ తీసుకోవాలి. నాథూలాకు విదేశీయులను అనుమతించరు. అమ్మమ్మ వెళ్లగలిగి, మనవడు గేటు దగ్గర ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు.

తాతయ్య, అమ్మమ్మలు మాత్రమే పిల్లలను తీసుకెళ్తే?

దేశంలోపల దీనికి ప్రత్యేక అనుమతి అడిగే చట్టం లేదు. అయినా తల్లిదండ్రుల సంతకంతో ఒక ఉత్తరం, ఇద్దరి ఫోన్ నంబర్లు, అత్యవసర చికిత్సకు అంగీకారం రాసి ఇవ్వండి. తల్లిదండ్రులు విడిగా ఉండి కోర్టు ఉత్తర్వు ఉంటే అందులోని షరతులే ముఖ్యం. విదేశాలకైతే వెంట రాని తల్లిదండ్రుల అంగీకార పత్రం చాలా వీసా కార్యాలయాలు అడుగుతాయి.

స్కూలు, ఉద్యోగం వైపు నుంచి ఏమైనా చూసుకోవాలా?

సీబీఎస్‌ఈలో 10, 12 తరగతుల వారికి బోర్డు పరీక్షలకు 75 శాతం హాజరు కావాలి. ఆ తరగతుల పిల్లలుంటే సెలవు రోజుల్లోనే ప్రయాణం పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు స్వస్థలానికి ఇచ్చే ప్రయాణ రాయితీని (ఎల్‌టీసీ) జమ్మూకశ్మీర్, లద్దాఖ్, ఈశాన్య రాష్ట్రాల ప్రయాణానికి మార్చుకునే ప్రత్యేక వెసులుబాటును 2026 సెప్టెంబర్ 25 వరకు పొడిగించారు.

చెత్త, డైపర్ల సంగతి?

హిమాచల్‌లో టాక్సీలు, పర్యాటక బస్సుల్లో చెత్తబుట్ట తప్పనిసరి చేశారు. రోడ్డు మీద పారేస్తే జరిమానా వేస్తారు. వాడిన డైపర్‌ను మంచులో పూడ్చితే కనపడదు, వేసవిలో అదే కిందున్న ఊళ్లు తాగే వాగులోకి వస్తుంది. సంచిలో కట్టి హోటల్‌కు తెచ్చి పారేయండి.

అన్యాయం జరిగితే ఇంటికొచ్చాక ఏం చేయగలం?

చాలా చేయగలం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పరిష్కారం కాకపోతే మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇది. మనాలీ హోటల్ మీద ఖమ్మంలోనో, గుంటూరులోనో కేసు నడుస్తుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. బిల్లులు, వాట్సాప్ సందేశాలు, ఫొటోలు, రోడ్డు మూసిన ప్రకటన అన్నీ ఒకచోట ఉంచుకోండి.

అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి?

ఎక్కడైనా 112. జిల్లా విపత్తు కేంద్రానికి 1077. పిల్ల తప్పిపోతే 112తో పాటు 1098. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు, హోటల్ పేరు హిందీలో, ఇంగ్లిష్‌లో రాసిన చీటీ ఉంచండి. తెలుగు మాత్రమే మాట్లాడే పిల్లలకు అక్కడ ఆ చీటీయే ఆధారం. హిమాచల్, సిక్కిం, అరుణాచల్‌లలో అమల్లో ఉన్న క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ప్రకారం అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని ఆసుపత్రి ముందు నిలకడ స్థితికి తేవాలి. డబ్బు మాట తర్వాత. బిడ్డ చేతుల్లో ఉన్నప్పుడు ఈ మాట గట్టిగా అడగడానికి మొహమాటపడొద్దు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఏమిటి?

బయల్దేరే ముందే ఇంట్లో అందరూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకోండి. పిల్లల్లో ఎవరికి బాగోలేకపోయినా ఆ రోజు కార్యక్రమం ఆగుతుంది, ఎవరూ మూతి ముడవకూడదు, ఎంత డబ్బు పోయిందో ఎవరూ ఆ పిల్ల ముందు లెక్కపెట్టకూడదు. మొత్తం ఖర్చులో రద్దయినా పర్వాలేదనుకునే భాగం ఎంతో ముందే తేల్చుకుని, మిగతాదంతా వాపసు వచ్చే పద్ధతిలో కట్టండి. అలా కట్టుకుంటే, పిల్లలకు ఒంట్లో బాగోలేనప్పుడు ఆగిపోవడానికి మీకు డబ్బు అడ్డు రాదు. మంచు వచ్చే ఏడాది కూడా పడుతుంది.